చేతులు ఆగని లైను

మా గల్లీ సిద్దిపేటలోనే ఉందని నాకు తెలుసు. పోస్టుమ్యాన్‌కు తెలుసు, కరెంటు బిల్లు కొట్టేవాడికి తెలుసు, ఓటు అడిగేవాళ్లకైతే మరీ బాగా తెలుసు. ఇంటర్నెట్ కంపెనీలకు మాత్రం తెలియదు. ఆ సంగతి నాకు మొన్నమొన్నటిదాకా అవసరం పడలేదు. నేను బ్లౌజులు కుట్టుకునేదాన్ని. ఇంటి ముందు గదిలో మిషను, గోడకు అద్దం, అద్దం పక్కన మేకుకు వేలాడే కొలతల జాకెట్లు, అంతే నా రాజ్యం. వచ్చినవాళ్లు ఫోన్లో మెడ డిజైను చూపిస్తారు, నేను కుట్టి ఇస్తాను. దానికి ఫోన్లో ఉన్న నెట్ చాలు.

అవసరమంతా మా బిడ్డది.

మా బిడ్డకు పుట్టినప్పటి నుంచీ వినపడదు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి వినపడని పిల్లల బడిలో చదువుకుంది. డిగ్రీ కూడా చేసింది. సైగల భాషలో ఆమె మాట్లాడుతుంటే నాకు సగమే అందుతుంది, అంత వేగం. చదువంతా అయ్యాక సిద్దిపేటలోనే ఒక పెద్ద కిరాణా షాపులో ప్యాకింగ్ కౌంటర్ దగ్గర పని దొరికింది. పప్పులు కవర్లో పోయాలి, తూకం వేయాలి, మూతి అంటించాలి. పని కష్టమైంది కాదు. కానీ వెనక నుంచి పిలిస్తే వినపడదని భుజం మీద చరిచేవాళ్లు, స్కేలుతో పొడిచేవాళ్లు. ఇంటికొచ్చి ఏమీ చెప్పేది కాదు. చెయ్యి కడుక్కుని, అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేది. నాకు కడుపు మండేది గానీ, ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

అట్లాంటప్పుడు ఒక సంస్థవాళ్ల పని సంగతి ఆమెతో చదువుకున్న స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఊళ్లల్లో వినపడని చిన్న పిల్లలుంటారు, వాళ్ల దగ్గర్లో బడి ఉండదు. ఆ పిల్లలకు, వాళ్ల తల్లులకు ఇంట్లోనే ఉండి వీడియోలో సైగల భాష నేర్పాలి. రాతపరీక్ష పెడితే మా బిడ్డ పాసయింది. ఇక మిగిలింది ఒక పాఠం చెప్పి చూపించడం. దానికి వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, ఇంట్లో లైను గట్టిగా ఉండాలి. వీడియోలో చేతులు ఆగకూడదు. మాటైతే ఒక ముక్క పోయినా పక్క ముక్కతో అర్థం చేసుకోవచ్చు, చెయ్యి గాలిలో ఆగిపోతే ఆ మాటే పోయినట్టు. రెండు అవకాశాలు ఇస్తామన్నారు. రెండూ పోతే ఆ జాగ వేరేవాళ్లకు.

ఆ కబురొచ్చిన రోజు మా బిడ్డ నా మిషను ఆపేసి, నా ఎదురుగా కూర్చుని చేతులతో అన్నది: "అమ్మా, నాకు ఈ పని కావాలె. నేను చిన్నప్పుడు ఎట్లున్ననో అట్లాంటి పిల్లలకు నేనే చెప్పాలె."

అడగక అడగక అడిగిన బిడ్డ. ఇక నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

మొదట పెద్ద కంపెనీ. బస్టాండు దగ్గర ఇంత ఎత్తు బోర్డు ఉంటుంది వాళ్లది, ఒక సంసారం సోఫాలో కూర్చుని నవ్వుతుంటుంది. మా బిడ్డ ఫోన్లో వాళ్ల యాప్ తెరిచి పిన్‌కోడ్ కొట్టింది. రంగురంగుల బుడగలు ఎగిరాయి. మీ ప్రాంతంలో మా సేవ ఉంది, శుభాకాంక్షలు అని వచ్చింది. పెండ్లి కుదిరినంత సంబరపడ్డాం. రెండు రోజులకు వాళ్ల మనిషి వచ్చాడు. లోపలికి రాలేదు. బయటే నిలబడి, మెడ పైకెత్తి, స్తంభాన్ని చాలాసేపు చూశాడు.

"అక్కా, మీ గల్లీకి మా డబ్బా లేదు" అన్నాడు.

"మరి ఫోన్ల ఉన్నదన్నరు గదా?"

"అది సిద్దిపేటల ఉన్నదని అక్కా."

"మేమేమన్న రాయపోల్ ఊళ్లె ఉన్నమా?"

అతనికి నవ్వొచ్చింది. పాపం, ఆపుకున్నాడు. స్తంభం మీద డబ్బా పెట్టి అందులో నుంచి ఇంటింటికీ తీగ గుంజాలట, మా దిక్కు ఇంకా పెట్టలేదట. ఎప్పుడు పెడతారంటే పైవాళ్లకు తెలియాలన్నాడు. నేను పైకి చూశాను. పైన కాకి తప్ప ఎవరూ లేరు.

రెండోది మా గల్లీ కేబుల్ తమ్ముడిది. టీవీ కనెక్షనూ అతనిదే, నెట్టూ అతనిదే. ఎవరింట్లో సీరియల్ మధ్యలో ఆగినా అతన్నే తిడతారు, ఎవరింట్లో శుభకార్యమైనా అతన్నే పిలుస్తారు. "వంద ఎంబీలక్కా. మీ ఇంటిల్లిపాది చూసినా ఆగదు" అన్నాడు.

మూడోది చిన్న కంపెనీ, పేరు కూడా అంతగా ఎవరికీ తెలియదు. వాళ్ల డబ్బా మా వెనక గల్లీ స్తంభం మీద ఉంది. వాళ్లిచ్చేది యాభై. కిరాయి మాత్రం దాదాపు కేబుల్ తమ్ముడు అడిగినంతే. పైగా వాళ్ల తీగ మా ఇంటికి రావాలంటే పక్కింటి స్లాబు మీది నుంచే రావాలి. ఆ పక్కింటామెకూ నాకూ మాటల్లేవు. దాని కథ తర్వాత చెబుతాను.

వంద ఎక్కువా, యాభై ఎక్కువా? మూడో తరగతి పిల్లను అడిగినా చెబుతుంది. కేబుల్ తమ్ముడినే రమ్మన్నాను. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా గోడకు డబ్బా బిగించి, పచ్చలైటు వెలిగించి, చాయ్ తాగి వెళ్లాడు.

సాయంత్రం మా ఆయన బెజ్జంకి నుంచి వచ్చాడు. ఆయనది ట్రాలీ ఆటో, సిమెంటు బస్తాలు, ఎరువులు, ఏది దొరికితే అది వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా నెట్ పరీక్షకు కూర్చున్నాడు. ఒక పాట పెట్టాడు, ఆగలేదు. సినిమా పెట్టాడు, ఆగలేదు. ధూళిమిట్టలో ఉన్న తన దోస్తుకు నెట్ మీద ఫోను చేశాడు.

"హలో, హలో! వినపడుతుందా?"

"ఎందుకురా ఒర్రుతున్నవ్, పక్కన కూసున్నట్టే వినపడుతుంది" అన్నాడు ఆ దోస్తు.

"చూసినవానే? ఫస్ట్ క్లాస్!" అని మా ఆయన నా వైపు చూసి మీసం దువ్వాడు. నేనూ తలూపాను. మా బిడ్డ మా ఇద్దరి మొహాలు చూసి తానూ నవ్వింది. అట్లా అయిపోయింది మా పరీక్ష.

పాఠం చెప్పే రోజు కోసం మా బిడ్డకు ఒక టాప్ కుట్టాను. ముదురు నీలం, ఒకటే రంగు. అంచు లేదు, పువ్వు లేదు, మెడ దగ్గర ఒక్క పూస కూడా లేదు. సైగలు చేసేవాళ్ల వెనక గజిబిజి ఉంటే చేతులు కనపడవట. ఇన్నేళ్లుగా ఊరందరికీ డిజైన్లు కుట్టి, సొంత బిడ్డకు డిజైన్ లేని బట్ట కుట్టడం నా చేతికే కొత్తగా అనిపించింది. ముందు గదిలో నా జాకెట్లన్నీ తీసేసి, గోడకు దుప్పటి కట్టి, లాప్‌టాప్ మిషను మీద పెట్టాం.

తెర మీదికి సంస్థ ఆవిడ వచ్చింది. ఆమెకు వినపడుతుంది, సైగలూ వచ్చు. ఆమె నవ్వు, కండ్లద్దాలు, వెనక కిటికీ అన్నీ స్పష్టంగా, మన వాకిట్లో నిలబడ్డట్టే కనిపించాయి. మా బిడ్డ మొదలుపెట్టింది. నేను తలుపు పక్కన నిలబడి చూస్తున్నాను. ఎంత బాగా చెబుతోందో! ఆవు గురించి చెబుతుంటే నాకు గడ్డి వాసనొచ్చింది.

కొంచెంసేపటికి ఆవిడ మొహం ముడుచుకుంది. చెయ్యెత్తి ఆపమంది. మా బిడ్డ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. ఆవిడ మళ్లీ ఆపింది. నాకేమీ అర్థం కాలేదు, మా వైపు అంతా బాగానే ఉంది కదా. తర్వాత ఆవిడ కింద టైపు చేసింది. మీ చేతులు ఆగిపోతున్నాయి, ఒక సైగ మొదలయ్యేది కనిపిస్తే పూర్తయ్యేది కనిపించడం లేదు, ఈ లైను మీద పాఠం కుదరదు, వచ్చే వారం ఇంకొక్కసారి చూద్దాం అని.

మా బిడ్డ లాప్‌టాప్ మూసింది. ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి ఎల్లిపాయల బుట్ట ముందేసుకుని పొట్టు తీయడం మొదలుపెట్టింది. ఆ రోజు వంటకు అన్ని ఎల్లిపాయలు అవసరం లేదు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత చేతులు తుడుచుకుని నాతో అన్నది: "నేను మల్ల ఆ కౌంటర్‌కు పోను. చెప్తున్న. ఈ పని రాకుంటే ఇంట్లనే ఉంట, అక్కడికి మాత్రం పోను."

నా కోపం కేబుల్ తమ్ముడి మీదికి మళ్లింది. ఫోనందుకుని చెడామడా తిట్టబోయాను. మా బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వేగం కొలిచే యాప్ తెరిచి నా ముందు పెట్టింది. ముల్లు గిర్రున తిరిగి వంద దగ్గర ఆగింది.

"చూడు, వంద ఉన్నది గదా!" అన్నాను.

ఆగమన్నట్టు వేలు చూపింది. ముల్లు మళ్లీ మొదటి నుంచి కదిలింది. ఈసారి లేవలేక లేవలేక నాలుగు దగ్గర చతికిలబడింది. "మొదటిది మనకు వచ్చేది. రెండోది మన కాడికెల్లి పోయేది" అని చేతులతో చెప్పింది. "నేను వాళ్లను చూసుడు కాదు అమ్మా, వాళ్లు నన్ను చూడాలె."

నేను నెత్తి పట్టుకున్నాను. పాటలు, సినిమాలు అన్నీ వచ్చేవే. మా ఆయన హలో హలో అని అరిచింది ఒక్కటే పోయేది, గొంతు పోవడానికి దారి సందంత ఉన్నా చాలు. చేతులు పోవాలంటే బండ్లబాట కావాలి. ఇంట్లో వినపడని బిడ్డను పెట్టుకుని మొగుడూ పెండ్లాలం ఇద్దరం నెట్‌ను చెవితో పరీక్ష చేశాం చూడండి! ఈ ఘనకార్యం ప్రపంచంలో ఇంకెవరూ చేసి ఉండరు.

కేబుల్ తమ్ముడు మాత్రం మంచివాడే. పిలిస్తే వచ్చాడు.

"తమ్మీ, వంద అన్నవ్ గదా?"

"వస్తలేదా అక్కా వంద?"

"వచ్చేది వస్తుంది. పోయేదో?"

"పోయేదా?" అని నోరు తెరిచాడు. "ఇన్నేండ్లల్ల పోయేది ఎవ్వరడగలేదక్కా. నువ్వే ఫస్టు. గల్లీ మొత్తానికి మా లైనే గట్ల ఉన్నది, నేనేం చేసేది లేదు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అడగలేదు, అతను చెప్పలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నా వందను నేనే తిట్టుకున్నాను. ఇక ఆ మూడో కంపెనీ, ఎవరికీ పేరు తెలియని ఆ యాభైవాళ్లను అడిగితే, వచ్చేదీ యాభై, పోయేదీ యాభై అన్నారు. వాళ్ల మనిషి వచ్చి మా మేడ ఎక్కి చూసి, "తీగ ఆ స్లాబు మీదికెల్లే రావాలె అక్కా, వేరే తొవ్వ లేదు. కానీ ముందుగాల ఆమెను అడగున్రి. పోయినసారి మా తీగ కొడవలితోని కోసేసింది" అన్నాడు.

ఇప్పుడు ఆ పక్కింటామె కథ చెబుతాను. నాకంటే పెద్దది, నేను అక్కా అనేదాన్ని. ఒకప్పుడు కూర గిన్నెలు గోడ మీది నుంచే అటూ ఇటూ పోయేవి. మేము ఈ ఇల్లు కరోనా కాలంలో కట్టుకున్నాం. గృహప్రవేశానికి పదిమందిని పిలవాలన్నా భయం. ఎవరి గడపా తొక్కకూడదు, ఎవరూ మన గడప తొక్కకూడదు. అందుకని అందరికీ ఫోన్లో కార్డు పంపాం. ఆమెకూ పంపాం. ఆమె రాలేదు. తర్వాత మూడో మనిషితో అన్నదట: "గోడ అవుతల మనిషి. బొట్టు పెట్టి పిలువనీకె కాళ్లు లేవా? ఫోన్ల పిలిస్తే ఫోన్లనే వస్త." మా దిక్కు ఆడమనిషిని శుభకార్యానికి పిలవడమంటే ఇంటికెళ్లి, నుదుట కుంకుమ పెట్టి, రావాలె అని నోటితో చెప్పడమే. కార్డు ఉత్త కాగితం. నాకు తెలియక కాదు. కానీ కరోనా కదా! ఆ మాట నా చెవిన పడగానే నాకూ తిక్క లేచింది. ఆమె పిలిస్తే నేను పోలేదు, నేను వండితే ఆమె తినలేదు. అట్లా ఏండ్లు గడిచాయి. ఇప్పటికీ చెబుతున్నాను, అందులో నా తప్పు లేదు.

ఇక తీగలంటే ఆమెకు ఎందుకంత కసి అంటే, కోతుల వల్ల. సిద్దిపేటలో కోతుల బాధ తెలియనివాళ్లు లేరు. ఆమె స్లాబు మీద వడియాలు, సల్ల మిరపకాయలు ఎండబెడుతుంది. గాలిలో వేలాడే తీగలు పట్టుకుని కోతులు ఉయ్యాల ఊగుతూ దిగుతాయి, వడియాలు తింటాయి, తినలేనివి కిందికి విసురుతాయి. ఒకరోజు ఆమెకు ఓపిక నశించి స్లాబు మీది తీగలన్నీ కోసి కుప్పేసింది. ఆ సాయంత్రం గల్లీ గల్లీ అంతా టీవీ లేక మంచాల మీద కూర్చుంది.

నేను పోనని మొండికేశాను. మా ఆయన వెళ్లాడు. వెళ్లినంతసేపు పట్టలేదు రావడానికి.

"ఏమన్నది?"

"నీతోని నాకేం ముచ్చట, నీ పెండ్లాన్ని రమ్మను అన్నది."

"నేను పోతనా? నాకు కాళ్లు లేవన్నది గదా, లేని కాళ్లతోని ఎట్ల పోవాలె?"

"నీ నోటికో దండం" అని మా ఆయన ఆటో తీసుకుని బయటపడ్డాడు.

ఇదంతా మా బిడ్డ చూస్తూనే ఉంది. ఆమెకు మా మాటలు వినపడవు గానీ మొహాలు చదవడంలో ఆమె ముందు ఎవరూ ఆగరు. లేచి దేవుడి అర దగ్గరికి వెళ్లింది. కుంకుమ భరిణె తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"ఎందుకే?" అన్నాను.

"పిలువు."

"దేనికని పిలవాలె? మనింట్ల ఏం కార్యం ఉన్నది?"

"నా పాఠం" అన్నది.

నిజమే కదా. ఈ ఇంట్లో అంతకంటే పెద్ద కార్యం ఇంకేముంది? పెండ్లికి పిలుస్తాం, పురుడుకు పిలుస్తాం, బిడ్డ నిలబడే రోజుకు పిలవమా? చీర మార్చుకున్నాను. మా బిడ్డ కూడా తల దువ్వుకుని నా వెంట వచ్చింది.

అక్క వాకిట్లో పీట మీద కూర్చుని వడియాల పిండి కలుపుతోంది. మమ్మల్ని చూసింది, చూడనట్టు మళ్లీ గిన్నెలోకి చూసింది.

"ఏం పని మీద వచ్చిన్రు?" అన్నది పిండితోనే మాట్లాడుతున్నట్టు.

దగ్గరికి వెళ్లి, వంగి, ఆమె నుదుట బొట్టు పెట్టాను. ఆమె తల వెనక్కి తీయలేదు.

"అక్కా, మా బిడ్డ పాఠం చెప్తది. నువ్వు రావాలె."

ఆమె పిండి చెయ్యి అట్లాగే పట్టుకుని మా బిడ్డను చూసింది. "ఏం పాఠం?" అంది. నేను చెప్పాను. వినపడని పసిపిల్లలున్నారని, వాళ్లకు మాటలు నేర్పే పని అని, అది దొరికితే మా బిడ్డ ఇక ఆ కౌంటర్‌కు పోనక్కర్లేదని. నాకు ఆమె ముందు ఏడవడం బొత్తిగా ఇష్టం లేదు, అయినా ఏడ్చాను.

"ఎప్పుడు?" అని అడిగింది.

"నెట్ వస్తే."

"నెట్ ఎప్పుడొస్తది?"

"నీ స్లాబు మీదికెల్లి తీగ పోతే."

ఆమె పిండి చెయ్యితోనే నా భుజం మీద ఒక్కటి చరిచింది. "ఓసి నీ అసాధ్యం గూల! ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! తీగనే రాలే, బొట్టు పెట్ట వచ్చినవా?"

"మరి ముందుగాల పిలిస్తెనే గదా వచ్చేది. లేకుంటే మల్ల కాళ్లు లేవా అంటవ్."

"అంట. ఎందుకనను?" అంది. ఆమెకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. మా బిడ్డ మా ఇద్దరినీ చూసి, ఏమైందో పూర్తిగా తెలియకపోయినా, తానే ఎక్కువ నవ్వింది.

కానీ అక్క అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. తీగ గాలిలో వేలాడితే ఒప్పుకోనంది. పిట్టగోడ వెంబడి, పైపులో పెట్టి, మేకులు కొట్టి తీసుకుపోవాలంది. "ఒక్క కోతి ఊగినా మల్ల కోస్త. నీ బిడ్డ మొకం చూడ, ఎవరి మొకం చూడ" అంది. మా ఆయన మర్నాడే ఆటోలో పైపులు వేసుకొచ్చాడు. కంపెనీవాళ్లు తీగను పైపులో దోపుతుంటే ఆమె గొడుగేసుకుని పక్కనే నిలబడి, మేకు మేకుకూ వంకలు పెట్టింది. పని అయ్యాక వాళ్లకు వడియాలు వేయించి పెట్టింది. మా ఇంటికీ ఒక గిన్నె గోడ మీది నుంచి వచ్చింది.

ఈసారి మా ఆయన పాట పెట్టలేదు. మా బిడ్డను ముందు గదిలో కూర్చోబెట్టి, తాను వీధి చివర ఆటోలో కూర్చుని, వీడియో కాల్లో ఆమె చేతులు చూశాడు. ఆయనకు సైగలు అంతంత మాత్రమే వచ్చు. ఆమె చెప్పింది చెప్పినట్టు తిరిగి చేసి చూపించాడు. ఒక్కటీ తప్పలేదు.

పాఠం రోజు అక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. నిజంగా కార్యానికి వచ్చినట్టే చేతిలో పండ్ల కవరు కూడా ఉంది. కెమెరాకు కనపడకుండా నా పక్కన కుర్చీ వేశాను. ఈసారి సంస్థ ఆవిడ ఒక్కతే లేదు. ఒక చిన్న పాప, పాప తల్లి కూడా ఉన్నారు, ఏదో ఊళ్లో, సున్నం వేసిన గోడ ముందు. పాఠం తర్వాత ఈ టీచరు మీకు కావాలా వద్దా అని ఆ తల్లినే అడుగుతామని, ఆమె మాటే ఆఖరని సంస్థ ఆవిడ ముందే చెప్పింది. పాపకు నాలుగేండ్లుంటాయేమో. పుట్టినప్పటి నుంచీ వినపడదు, ఇంతవరకూ ఒక్క మాట లేదు, సైగా లేదు. ఏది కావాలన్నా తల్లిని కొడుతుంది. మేం చూస్తుండగానే కొట్టింది. ఆ తల్లి దెబ్బకు అలవాటు పడ్డట్టు కదలకుండా కూర్చుంది.

మా బిడ్డ తొందరపడలేదు. ఒక గ్లాసులో నీళ్లు పోసి తాగింది. నీళ్ల సైగ చేసింది. మళ్లీ తాగింది, మళ్లీ చేసింది. పాప పట్టించుకోలేదు. నేల మీద పడి దొర్లింది. మా బిడ్డ గ్లాసు బోర్లించి, ఖాళీ అని చూపించి, దిగాలుగా మొహం పెట్టింది. పాప లేచి కూర్చుంది. మా బిడ్డ సైగ చేసి, నేను అందించిన చెంబుతో మళ్లీ నీళ్లు పోసింది. సైగ చేస్తే నీళ్లొస్తాయి. చెయ్యకపోతే రావు. అట్లా ఎంతసేపు ఆడిందో. నేను లైను ఆగుతుందేమోనని పచ్చలైటు వంకే చూస్తున్నాను, అక్క నా మోచెయ్యి పట్టుకుని, "అటు చూడే, అటు చూడు" అంది.

పాప తల్లి వైపు తిరిగింది. కొట్టలేదు. చిన్న చెయ్యి పైకెత్తి, వంకరటింకరగా, నీళ్లు అని చేసింది.

ఆ తల్లి నీళ్లు తేవడానికి లేవలేదు. లేవడం మరిచిపోయింది. పాప మళ్లీ చేసింది. అప్పుడు లేచి పరుగెత్తింది.

పాప తాగుతుండగా సంస్థ ఆవిడ అడిగింది, ఈ టీచరు మీకు సమ్మతమేనా అని. ఆ తల్లి తెర మీద మా బిడ్డనే చూస్తూ, "ఆమెకు వినపడదా?" అని అడిగింది. వినపడదని సంస్థ ఆవిడ చెప్పింది. "పుట్టినకాడికెల్లా?" అవునంది. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాసేపటికి తీసి, "నా బిడ్డ గూడ గిట్లనే అయితదా?" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. నా బిడ్డను ఎత్తుకుని దవాఖానల చుట్టూ తిరిగిన రోజుల్లో, కడుపుతో ఉన్న ఆడవాళ్లు నా బిడ్డను చూసి, నాకు వినపడదనుకుని, వాళ్ల తల్లులను అడిగేవాళ్లు. నా బిడ్డ గూడ గిట్లనే అయితదా అని. అప్పుడు అది భయం. అవే మాటలు ఈమె ఆశతో అడుగుతోంది. నా కండ్లు కనపడకుండా పోయాయి.

ఏమంటోందని మా బిడ్డ నన్ను అడిగింది. చేతులతో చెప్పాను. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. సూటిగా తెరవైపు చూసి, "రేపు గూడ ఇదే యాళ్లకు పాపను కూసోబెట్టమని చెప్పు. గ్లాసు పక్కన పెట్టుకోమను" అన్నది. నేను నోటితో ఆ తల్లికి చెప్పాను.

"కూసోబెడ్త మేడం" అందామె, మా బిడ్డనే చూస్తూ.

ఆ మాట మా బిడ్డకు వినపడలేదు. ఎవరూ ఆమెను ఇంతకుముందు అట్లా పిలవలేదు. మేడం అనేదానికి సైగ ఏమిటో నాకు తెలియదు. అందుకని ఆమె చిన్నప్పుడు నాకు నేర్పినట్టు, వేళ్లతో ఒక్కో అక్షరం కూర్చి చెప్పాను. సగంలోనే ఆమెకు తెలిసిపోయింది. అయినా చివరి అక్షరం దాకా నా వేళ్లవైపే చూస్తూ కూర్చుంది.